వంటింట్లో హోరో

బతికున్న మనిషికి చావు కాగితం అంటించింది నేనే. మా ఊరొస్తే ఎవరో ఒకరు ఈ మాట మీ చెవిన వేయక మానరు, అందుకే ముందుగా నా నోటితోనే చెప్పేస్తున్నాను. అందులో నా తప్పెంత, పట్నంలో అచ్చు వేసినవాడి తప్పెంత అన్నది అంతా విన్నాక మీరే తేల్చండి.

నా పేరు స్తాంకా. లిపోవ్ దోల్‌లో ఉన్న ఒకే ఒక్క దుకాణం నాది. రొట్టె, ఉప్పు జున్ను, సబ్బు, మేకులు అన్నీ ఇక్కడే దొరుకుతాయి. సాయంత్రం అరుగు మీద రెండు బల్లలు వేసి బీరూ, రకియా అనే పళ్ల సారాయీ పోస్తాను కాబట్టి ఊరి కబుర్లు కూడా ఇక్కడే దొరుకుతాయి. ఊళ్లో మొత్తం తొంభై ఆరుగురం మిగిలాం. అందులో ఎవరికి ఎవరితో పడదో నాకు తెలిసినంతగా మేయరుకు కూడా తెలియదు.

ఇక నెవెనక్క సంగతి. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు పచ్చళ్ల ఫ్యాక్టరీలో సీసాల ముందు నిలబడి పనిచేసింది. అంతసేపు నిలబడి వచ్చిన మనిషి పండుగ నాడు కూర్చుంటుందా అంటే, కూర్చునేది కాదు. వేసవిలో వచ్చే ఇలియా పండుగకు ఊరి మైదానంలో చేయీ చేయీ పట్టుకుని వంద మంది హోరో ఆడుతుంటే వరసకు మొదటి మనిషి ఆమే. హోరోలో మొదట నిలబడటం ఆషామాషీ కాదు, వరసంతటినీ తిప్పేది ఆ మనిషే. ఆమె పక్కన భర్త దిన్కో ఉండేవాడు. బంగారం లాంటి మనిషే కానీ ఎనిమిదో అడుగు దగ్గర ప్రతి ఏడూ తప్పేవాడు. ఆమె నవ్వుతూ చెయ్యి పట్టి ఇటు లాగేది.

కరోనా ఏటి చలికాలంలో దిన్కో పోయాడు. నెవెనక్క నల్ల బట్టలు కట్టింది. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఏడాది తిరిగాక పోయినవాడి తోబుట్టువు వచ్చి ఆ ఇల్లాలి తలకు తెల్ల రుమాలు కట్టాలి, చెయ్యి పట్టుకుని హోరోలోకి తీసుకెళ్లి మూడు హోరోలు ఆడించాలి. అప్పుడే నలుపు తీరినట్టు. తనంతట తాను తీసేయకూడదు. అయితే ఆ కరోనా ఏడు ఆగిపోయిన హోరో మళ్లీ మొదలవలేదు. వాయించేవాళ్లు లేరు, ఆడేవాళ్లు లేరని మేయరు చేతులెత్తేశాడు. హోరో లేదు కాబట్టి తీసుకెళ్లడమూ లేదు. ఏడాది అనుకున్న నలుపు నాలుగేళ్లయింది.

దిన్కో తోబుట్టువు అంటే రాయ్నా ఒక్కతే. అతనికంటే పెద్దది, డెబ్బై నాలుగేళ్లు, ముక్కు మీద కోపం. తమ్ముడిని చంటివాడప్పుడు చంకనేసుకుని పెంచింది కాబట్టి తమ్ముడి ఇల్లు కూడా తనదే అనుకుంటుంది. ఆమె ముందు మేయరు కూడా టోపీ తీసి మాట్లాడతాడు.

ఒక సాయంత్రం నా అరుగు మీద కూర్చుని నెవెనక్క అంది:

"స్తాంకా, నాకింకేం వద్దే. మళ్లీ ఒక్కసారి, ఈ చేతిలో ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక చెయ్యి. అంతే."

"రాయ్నా వదినని అడగొచ్చుగా?"

"అడిగి చేయించుకునే పనటే అది? ఆమెకే తోచాలి."

ఆమెకు తోచలేదు. తోచకపోగా, మధ్యలో ఈ వీడియోల గొడవ వచ్చి పడింది.

అదెలా మొదలైందంటే, నెవెనక్కతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసిన స్వెత్లా ఇప్పుడు స్పెయిన్‌లో ఉంటోంది. అక్కడి మనవాళ్లంతా ఆదివారం పార్కులో చేరి హోరో ఆడతారట. ఒకరోజు ఫోన్ చేసి, "మన ఊరి పన్నెండడుగుల హోరోలో ఎనిమిదో అడుగు తర్వాత వెనక్కా, పక్కకా? ఇక్కడ కొట్టుకుచస్తున్నాం" అని అడిగింది. మాటల్లో చెప్తే ఎక్కడ అర్థమవుతుంది? నెవెనక్క ఫోన్‌ను మిరపకాయల సీసాకు ఆనించి, వంటింట్లో ఇంటి చెప్పులతోనే ఆడి చూపించింది. నల్లబట్టల్లో ఉన్న మనిషి ఆడుతూ కనబడకూడదని మోకాళ్ల కింద వరకే పడేట్టు పెట్టుకుంది. పాట లేదు, తాళం ఆమె నోటితోనే. మధ్యలో ఉడుకుతున్న చిక్కుళ్లకేసి చూసి, "ఒక్క నిమిషం, పొంగుతున్నాయి" అని మాయమై మళ్లీ వచ్చింది. స్వెత్లా దాన్ని తీసేయకుండా అలాగే నెట్‌లో పెట్టేసింది.

ఆ చిక్కుళ్లే కొంప ముంచాయో, నిలబెట్టాయో! వారం తిరిగేసరికి "అమ్మా, ఇంకొకటి చూపించండి", "అక్కా, చిక్కుళ్లు అడుగంటలేదు కదా" అని వందల మంది రాశారు. స్వెత్లా ఫోన్‌లోనే నేర్పితే నెవెనక్క సొంతంగా చానల్ పెట్టుకుంది. పేరు "వంటింట్లో హోరో". రెండేళ్లలో పదకొండు వేల మంది చేరారు. రాజధానిలో ట్రాము నడిపి రిటైరైన ఒకాయన, బుర్గాస్‌లో పళ్ల డాక్టరమ్మ, జర్మనీలో ముసలివాళ్లకు సేవచేసే ఆడవాళ్లు, ఇలా ఎందరో. ప్రతి గురువారం ఆరింటికి ఆమె లైవ్‌లో ఆడేది. వాళ్లు తమ తమ వంటిళ్లలో ఆడి, కాళ్ల వీడియోలు తిరిగి పంపేవాళ్లు. అందరి కాళ్లూ ఆమెకు గుర్తే. "ట్రాము మామ ఎడమ మోకాలు మళ్లీ పట్టేసిందే" అని నాతో అనేది, ఏదో పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు. అంతకు ముందు చీకటి పడగానే దీపం ఆర్పేసి పడుకునే మనిషి, వారానికి ఒక్కసారి రొట్టె కోసం తప్ప గడప దాటని మనిషి. ఇప్పుడు నా దుకాణానికి రోజూ వచ్చి, ఎవరెవరు ఏం రాశారో చదివి వినిపించేది. నేను కూడా కౌంటర్ వెనక నిలబడి రెండు హోరోలు నేర్చుకున్నాను. జున్ను కోస్తూ ఆడితే ముక్కలు వంకరగా వస్తాయని మాత్రం తెలిసింది.

ఆ సంగతి మొదట్లోనే రాయ్నా చెవిన పడింది. ఎవరి ద్వారా అని అడక్కండి, నా దుకాణంలో మాటలు దాగవు. ఆమె నేరుగా నెవెనక్క ఇంటి గేటు ముందు నిలబడింది.

"నా తమ్ముడు కూర్చుని రొట్టె తిన్న చోట గంతులేస్తున్నావంటగా!"

"వదినా, కాళ్లే కదా చూపించింది. మొహం చూపించలేదుగా."

"ఆ కాళ్లెవరివే? పక్కింటోళ్లవా?"

నెవెనక్కకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉంటే గొడవ అక్కడితో పోయేది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒకరు దుకాణంలో ఉంటే ఇంకొకరు చర్చి గోడ దగ్గర ఆగి, లోపలున్న మనిషి వెళ్లాకే వచ్చేవారు. నెవెనక్క మాత్రం రాయ్నా వీపు వంకే చూస్తూ, "ఇక ఆమె నా చెయ్యి పట్టుకోదు స్తాంకా" అని ఒకసారి కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది. పదకొండు వేల మంది మెచ్చుకుంటున్న మనిషి, ఒక్క ముసలమ్మ చెయ్యి కోసం ఏడవాలా? కానీ ఏం చేస్తాం, ఆ చెయ్యి ఆమెకు కావాలి.

కిందటేడు వేసవిలో గురువారం లైవ్ చూసేవాళ్లు ఒక మాట అన్నారు: "అక్కా, ఇలియా పండుగకు మేమే మీ ఊరొస్తాం. నిజమైన మైదానంలో, నిజమైన నేల మీద ఆడదాం." బస్సు మాట్లాడుకున్నారు. నలభై మంది తేలారు. స్వెత్లా స్పెయిన్ నుంచి టికెట్ కొనేసింది. నెవెనక్కకు ఆనందమూ, భయమూ రెండూ.

"వాళ్లు ఆడతారు. నేను నల్లబట్టల్లో గోడ పక్కన నిలబడి చూస్తాను. అంతేగా" అంది.

"ఊరు కూడా రావాలక్కా. ఊరొస్తే రాయ్నా వదినా వస్తుంది."

"అయితే ఊరికి చెప్పు."

మా ఊళ్లో సగం మందికి నెట్ లేదు. చెప్పడమంటే కాగితం అంటించడమే. పట్నంలో, అంటే యాంబోల్‌లో, అచ్చు వేసేవాడికి ఫోన్ చేశాను.

"ఏం రాయమంటారు?" అన్నాడు.

"పైన నెవెనా దిమోవా అని పెద్దక్షరాలు. ఫొటో పంపిస్తా. శనివారం పదకొండు గంటలకు ఊరి మైదానంలో అందరం కలుద్దాం అని వెయ్యి."

"వయసు?"

"అరవై ఎనిమిది. అదెందుకు?"

"మామూలుగా వేస్తాం కదండీ."

"సరే, వెయ్యి."

"అయ్యో, పెద్ద వయసేం కాదు."

"అవును మరి. చూస్తే అసలు అనుకోరు!" అన్నాను గొప్పగా.

హోరో అని వేరే రాయించలేదు. ఇలియా పండుగ నాడు మైదానంలో ఇంకేం చేస్తారు? ఫొటో అంటే నా దగ్గరున్నది నల్ల రుమాలు కట్టుకున్నదే. శుక్రవారం మధ్యాహ్నం బస్సులో నెవెనక్క స్వెత్లాను కలవడానికి యాంబోల్ వెళ్లింది. రాత్రికి అక్కడే ఉండి పొద్దున్నే వచ్చేవాళ్లందరినీ వెంటబెట్టుకుని రావాలని. సాయంత్రం బస్సు డ్రైవరు నా చేతికి ఇరవై కాగితాలు ఇచ్చి, ఎందుకో టోపీ తీసి పెట్టుకున్నాడు. నేను దుకాణం తలుపు మీద, బస్టాపు దగ్గర, కరెంటు స్తంభాల మీద, నెవెనక్క గేటు మీద అన్నిచోట్లా అంటించేశాను.

నల్ల అంచు కనబడలేదా అని ఇప్పటికీ అడుగుతారు. కనబడింది. ఇరవై ఏళ్లుగా నా దుకాణం తలుపు మీద చావు కాగితాలు తప్ప ఇంకో కాగితం నేను చూడలేదు. పోయిన నాటిది, నలభయ్యో రోజుది, ఆరు నెలలది, ఏడాదిది, పదేళ్లది, అన్నీ ఫొటోతో, పేరుతో, వయసుతో, నల్ల అంచుతో. కాగితమంటే అంచు ఉండాలి కాబోలు అనుకున్నాను. అచ్చువాడు కూడా అంతే, రోజంతా వేసేవి అవే. ఎవరి అలవాటు వాళ్లది. అంటించేసి, దుకాణం మూసి, అప్రికాట్ జామ్ ఉడికించడానికి పక్క ఊళ్లో మా అమ్మాయి ఇంటికి వెళ్లిపోయాను.

తర్వాత జరిగింది అకార్డియన్ వాయించే పనయోత్ మామ చెప్పాడు. సాయంత్రం రొట్టె కోసం వచ్చిన రాయ్నా, మూసి ఉన్న నా తలుపు ముందు కొయ్యబారిపోయిందట. నెవెనక్క ఇంటికి పరుగెత్తితే తాళం. ఫోన్ చేస్తే పలకదు, దానికి చార్జింగ్ లేదు. అంటే మధ్యాహ్నం పట్నం బస్సెక్కింది ఆసుపత్రికే, అక్కడే పోయింది, రేపు అక్కడి నుంచే తెస్తారని ఊరు తీర్మానించేసింది. రాయ్నా ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్లి గోధుమలు నానబెట్టింది. మా దగ్గర పోయినవాళ్ల పేరు మీద పంచేది ఉడికించి చక్కెర చల్లిన గోధుమలే. చీకటిపడ్డాక పనయోత్ తలుపు తట్టి, "రేపు అకార్డియన్ తీసుకురా" అందట.

"చావుకు అకార్డియన్ ఏంటి రాయ్నా? పైగా అకార్డియన్ కంటే నా మోకాళ్లే ఎక్కువ మోగుతున్నాయి ఈ మధ్య."

"ఏదో ఒకటి మోగించు. దాని హోరో ఒక్కటి వాయించు. నేను ఆడించాల్సింది. ఆడించలేదు."

శనివారం పదకొండుకు పావుగంట ముందు మా అమ్మాయి కారు నన్ను మైదానం దగ్గర దింపింది. మైదానమంతా జనం! నడవలేనివాళ్లను కూడా కుర్చీల్లో మోసుకొచ్చారు. నా కాగితం పనిచేసిందని పొంగిపోయాను. దగ్గరికి వెళ్తే అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. మండుటెండలో.

"పండుగ పూట ఈ వేషాలేంటి?" అన్నాను.

"నోర్ముయ్యవే స్తాంకా" అన్నాడు పనయోత్ మామ. "మనిషి పోయింది."

"ఎవరు?"

"ఎవరంటావేంటి? నువ్వేగా అంటించావు!"

నేను నోరు తెరిచేలోగా మలుపు దగ్గర బస్సు హారన్ వినబడింది. అందులోంచి ఎర్ర నడికట్లు, పూల చొక్కాలతో నలభై మంది దిగారు. ఊళ్లోవాళ్లు నోరెళ్లబెట్టారు. ఆఖరున, స్వెత్లా చెయ్యి పట్టుకుని, నల్ల గౌనులో నెవెనక్క దిగింది. మైదానం నిండా ఉన్న జనాన్ని చూసి మొహం వెలిగిపోయింది.

"అమ్మో! ఇంతమంది వచ్చారా నా కోసం!"

ముసలి కుంచో శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంకొకామె దబ్బున కుర్చీలో కూలబడింది. మధ్యలో రాయ్నా, తెల్లగుడ్డ కప్పిన గోధుమల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

"బతికే ఉన్నావా?" అంది.

"ఉన్నాను వదినా. ఏం?"

"ఏంటి, ఏం? రాత్రి నుంచీ గోధుమలు ఉడకబెట్టి చచ్చాను నీ కోసం! చేతులు చూడు, బొబ్బలెక్కాయి! బతికున్నదానివి, ఒక్క మాట చెప్పొద్దూ?"

"బతికున్నానని కూడా చెప్పాలా వదినా?"

అప్పుడు కుంచో తన చేతిలోని కాగితం విప్పి ఆమెకు చూపించాడు. నెవెనక్క చదివింది. తలెత్తి నాకేసి చూసింది. ఆమెతో పాటు ఊరంతా నాకేసి చూసింది. అచ్చువాడి గురించి చెప్పబోయాను, ఎవరూ విననే లేదు. మొదట నవ్వింది నెవెనక్కే. తర్వాత ట్రాము మామ, పళ్ల డాక్టరమ్మ, తర్వాత ఊళ్లోవాళ్లు. పనయోత్ మామ నవ్వు ఆపుకోలేక అకార్డియన్ మీద వాలిపోతే అది కూడా ఒక కూత పెట్టింది.

ఇంతలో కుంచోకు చేతిలో ఉన్న పూలు గుర్తొచ్చాయి. చావుకు సరిసంఖ్యలో తేవాలి కాబట్టి ఆరు తెచ్చాడు. బతికున్నవాళ్లకు బేసిగా ఇవ్వాలి. ఒక పువ్వు లాగి తన చెవి వెనక పెట్టుకుని, మిగతా ఐదూ నెవెనక్క చేతిలో పెట్టాడు. అది చూసి అందరూ అదే పని చేశారు. రెండు నిమిషాల్లో నల్లబట్టల ముసలివాళ్లందరి చెవుల వెనకా పువ్వులు. స్వెత్లా ఒక్కొక్క చెవినీ ఫోన్‌లో పట్టుకుంటూ తిరిగింది.

పనయోత్ మామ వాయించడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లు చేతులు కలిపి వరసగా నిలబడ్డారు. కానీ ఎవరూ అడుగు వేయలేదు. మొదటి చోటు ఖాళీగా ఉంచి అందరూ నెవెనక్క వంకే చూశారు. ఆమె చేతుల నిండా పూలతో గోడ పక్కకు జరిగింది.

"మీరు ఆడండి" అంది. "నేను చూస్తా. నాకు కుదరదు."

వాళ్లకు అర్థం కాలేదు. మా ఊళ్లోవాళ్లకు అర్థమైంది. అందరం రాయ్నా వంక చూశాం. రాయ్నా పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టి, నెవెనక్క ఎదుటికి వెళ్లి నిలబడింది.

"రాత్రి ఆ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చానే. నువ్వు పోయావనుకుని కాదు. పోయేవాళ్లు పోతారు. నీ చెయ్యి పట్టుకోకుండా పంపించేశానే అని ఏడ్చాను. మా తమ్ముడు పైన అడిగితే ఏం చెప్పాలే నేను?"

"వదినా..."

"మాట్లాడకు. నీకు మాట్లాడటం వస్తే రెండేళ్ల కిందటే గేటు దగ్గర నవ్వకుండా మాట్లాడేదానివి."

ఆమె దగ్గర తెల్ల రుమాలు లేదు. చావుకు వచ్చిన మనిషి అది ఎందుకు తెస్తుంది? చుట్టూ చూసింది. నా చేతిలోని పళ్లెం మీదున్న తెల్లగుడ్డను లాగింది. చక్కెర దులిపింది. నెవెనక్క తల మీది నల్ల రుమాలు విప్పి, ఆ తెల్లగుడ్డ కట్టి, గడ్డం కింద ముడి వేసింది. నెరిసిన జుట్టు మీద ఇంకా చక్కెర మెరుస్తూనే ఉంది. అక్కడ ఏడవనివాళ్లు ఎవరూ లేరు, నేను కూడా ఏడ్చాను, ఏడుస్తూ గోధుమలు తిన్నాను. బాగా ఉడికాయి.

తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని వరస మొదటికి నడిపించింది. ఇంకో పక్క చెయ్యి ట్రాము మామ అందుకున్నాడు. హోరో కదిలింది. నలభై మంది, వాళ్ల వెనక ఊళ్లోవాళ్లు, ఆఖరున నేను. నాలుగేళ్ల తర్వాత మైదానంలో దుమ్ము లేచింది.

తోక చివరనున్న నాకు కూడా ముందు నుంచి మాటలు వినబడుతున్నాయి.

"కాస్త వదులుగా పట్టుకో వదినా. వేళ్లు విరిగేట్టున్నాయి."

"విరగనీ. మూడు హోరోలయ్యే దాకా వదలను."

మూడు అయ్యాయి. పనయోత్ మామ చెమట తుడుచుకుని నాలుగోది ఎత్తుకున్నాడు. రాయ్నా ఇంకా ఆ చెయ్యి వదల్లేదు.